రంగురాళ్ళు - కొనే ముందు తెలుసుకుందాం

మాఘమాసం వచ్చిందంటే ఉయ్యూరులో వీరమ్మ తల్లి తిరునాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి వస్తాయి. అమ్మవారి దర్శనం అయ్యాక అందరూ కొట్ల వైపు నడుస్తారు. గాజులు, రిబ్బన్లు, బొమ్మలు, బూరలు, జీళ్ళు. తిరునాళ్ళలో అయినా, బజారులో అయినా ఆడవాళ్ళు ఆగి చూసే కొట్టు ఇంకొకటి ఉంటుంది. అదే రంగురాళ్ళ కొట్టు.

ఎర్ర రాయి ఉంగరం. ఆకుపచ్చ రాయి దుద్దులు. తెల్లని స్ఫటిక మాల. గోధుమరంగు చారల పూసలు. ఒక ఉంగరం 50 రూపాయలు అంటారు. అలాంటిదే ఇంకొకటి 5 వేలు అంటారు. రెండూ ఎర్రగానే ఉన్నాయి. రెండూ మెరుస్తూనే ఉన్నాయి. మరి తేడా ఏమిటి? అమ్మే వాళ్ళకు తెలుసు. కొనే వాళ్ళకు కూడా తెలియాలి కదా!

ఆడవాళ్ళు రూపాయి రూపాయి కూడబెట్టి నగ కొంటారు. అది ఒంటి మీద అందానికి మాత్రమే కాదు. పిల్లల ఫీజుకు, పంట పెట్టుబడికి, ఆసుపత్రి ఖర్చుకు తాకట్టు పెట్టేది ఆ నగనే. అందుకే నగలోని బంగారం సంగతే కాదు, రాయి సంగతి కూడా తెలియాలి.

రత్నాలు, ఉపరత్నాలు

నవరత్నాల పేర్లు మీరు వినే ఉంటారు. వజ్రం, కెంపు, నీలం, పచ్చ, పుష్యరాగం, వైడూర్యం, గోమేధికం, ముత్యం, పగడం. ఇవి తొమ్మిది.

వీటిలో రెండు అసలు రాళ్ళే కావు. ముత్యం ఆల్చిప్పలో పుడుతుంది. పగడం సముద్రంలో చిన్న చిన్న జీవులు కట్టుకున్న గూడు.

వజ్రం, కెంపు, నీలం, పచ్చ. ఈ నాలుగింటికీ ధర చాలా ఎక్కువ. వ్యాపారులు వీటిని రత్నాలు అంటారు. మిగతా రంగురాళ్ళను ఉపరత్నాలు అంటారు. ఉపరత్నం అంటే నకిలీది అని కాదు. అది కూడా భూమిలో పుట్టిన నిజమైన రాయే. ఎక్కువగా దొరుకుతుంది కాబట్టి సాధారణంగా ధర తక్కువ.

కృష్ణా తీరంలో రాళ్ళ కథ

కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్ళకు రాళ్ళు కొత్తవి కావు. ఇప్పటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు ఒకప్పుడు వజ్రాల గనులకు ప్రపంచమంతా పేరు పొందింది. 17వ శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి వ్యాపారి అక్కడికి వచ్చాడు. ఆ గనుల్లో 60 వేల మంది పని చేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వేవారు. ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మోసేవారు. రాజుల కిరీటాల్లో మెరిసిన వజ్రాల వెనుక ఆ తల్లుల చెమట ఉంది.

ఉపరత్నాల కథ ఇంకా పాతది. కృష్ణకు అవతలి వైపున భట్టిప్రోలు ఉంది. అక్కడ పాత బౌద్ధ స్తూపం ఉంది. 1892లో అలెగ్జాండర్ రే అనే అధికారి అక్కడ తవ్వించాడు. రాతి పెట్టెలు బయటపడ్డాయి. వాటి లోపల స్ఫటికంతో చేసిన భరిణెలు ఉన్నాయి. రెండు వేల ఏళ్ళకు ముందే అంత గట్టి రాయిని తొలిచి, నునుపు చేసి, భరిణెగా మలిచిన పనివాళ్ళు మన ప్రాంతానికి తెలుసు అన్నమాట.

రాయి ఎలా పుడుతుంది?

ఉయ్యూరు వాళ్ళకు చెరకు తెలుసు, చక్కెర ఫ్యాక్టరీ తెలుసు. చెరకు రసాన్ని మరిగించి చిక్కబరుస్తారు. అందులో పంచదార పలుకులు కడతాయి. పటికబెల్లం ఇంకా పెద్ద పలుకు. దారం చుట్టూ మెల్లగా పేరుకుంటుంది. ఎంత మెల్లగా కడితే అంత పెద్ద పలుకు వస్తుంది.

భూమి లోపల కూడా ఇలాంటి పనే జరుగుతుంది. అక్కడ చాలా వేడి. నీటిలో రాతి పదార్థం కరిగి ఉంటుంది. ఆ నీరు రాతి పగుళ్ళలోకి చేరుతుంది. చల్లబడే కొద్దీ అందులోని పదార్థం పలుకులు కడుతుంది. దీనికి వేల, లక్షల ఏళ్ళు పట్టవచ్చు. స్ఫటికం ఇలాగే పుడుతుంది.

ఇంకో వింత చూడండి. ఏటి ఇసుకలో తెల్లగా తళతళలాడే రేణువులు ఉంటాయి కదా. అవి ఎక్కువగా స్ఫటికం ముక్కలే. కొండ రాయి అరిగి, ఏటిలో దొర్లి ఇసుక అయింది. ఆ ఇసుకను కరిగించి గాజు చేస్తారు.

మరి గాజుకూ స్ఫటికానికీ తేడా ఏమిటి? స్ఫటికంలో రేణువులు వరసగా పేర్చిన ఇటుకల్లాగా ఉంటాయి. గాజులో కుప్పగా పోసిన ఇటుకల్లాగా ఉంటాయి. ఇటుకలు అవే. కానీ పేర్చిన గోడకు ఉన్న గట్టిదనం కుప్పకు ఉండదు. అందుకే గాజు త్వరగా గీతలు పడుతుంది.

సాన పడితేనే మెరుపు

గని నుంచి వచ్చిన రాయి మట్టి రంగులో మొరటుగా ఉంటుంది. దాన్ని కోస్తారు, అరగదీస్తారు, మెరుగు పెడతారు. దీన్నే సాన పట్టడం అంటారు. కొన్ని రాళ్ళను చిన్న చిన్న ముఖాలుగా చెక్కుతారు. వెలుగు పడితే అవి తళుక్కుమంటాయి. కొన్నిటిని చింతగింజలాగా నున్నగా, ఉబ్బెత్తుగా చేస్తారు. చవక పూసలను గుండ్రని డ్రమ్ములో వేస్తారు. ఇసుకలాంటి గట్టి పొడి, నీళ్ళు పోసి రోజుల తరబడి తిప్పుతారు. ఏటిలో గులకరాయి నునుపెక్కినట్టే అవీ నునుపెక్కుతాయి.

గుజరాత్‌లో ఖంభాత్ అనే ఊరు ఉంది. హకీక్ పూసలకు ఆ ఊరు శతాబ్దాలుగా పేరు పొందింది. అక్కడ రాయి అరగదీసే చోట సన్నని దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మానని జబ్బు తెస్తుంది. ఆ జబ్బు పేరు సిలికోసిస్. దానితో ఎందరో పనివాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. క్వారీలో, రాయి మిల్లులో పని చేసేవారికి కూడా ఈ ప్రమాదం ఉంది. రాయిని తడుపుతూ కోయాలి. దుమ్ము లోపలికి పోకుండా సరైన మాస్కు పెట్టుకోవాలి. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పనికి వెళుతుంటే ఈ మాట తప్పకుండా చెప్పండి.

కొట్లో కనిపించే రాళ్ళు

స్ఫటికం: నీళ్ళలాగా తెల్లగా ఉంటుంది. మాలలు, చిన్న విగ్రహాలు చేస్తారు. పట్టుకుంటే చల్లగా తగులుతుంది. లోపల సన్నని పొరలు, మబ్బు తునకల్లాంటి మరకలు కనిపించవచ్చు. అవి లోపం అనుకోవద్దు. రాయి భూమిలో పుట్టిందనడానికి అవి ఒక గుర్తు.

అమెథిస్ట్: ఇది ఊదా రంగు స్ఫటికం. వంకాయ రంగు అనుకోండి. స్ఫటికంలో పిసరంత ఇనుము చేరితే ఈ రంగు వస్తుంది. రంగు అంతటా ఒకేలా ఉండదు. ఒకచోట ముదురు, ఒకచోట లేత. ఈ రాయిని కాలిస్తే చాలాసార్లు పసుపు రంగుకు మారుతుంది. ఆ పసుపు రాయిని కొందరు పుష్యరాగం అని అమ్ముతారు. పుష్యరాగం వేరు, ఇది వేరు. ధర కూడా వేరు.

హకీక్: ఇది కూడా స్ఫటికం చుట్టమే. కానీ లోపలికి చూపు పోదు. చారలు చారలుగా ఉంటుంది. ఎరుపు, గోధుమ, నలుపు, తెలుపు రంగుల్లో దొరుకుతుంది. కాల్చి ఎర్రగా చేయడం పాత పద్ధతి. రంగులో నానబెట్టడం కూడా ఉంది. చిలకపచ్చ, గులాబీ, ముదురు నీలం రంగుల హకీక్ చూస్తే అది రంగు వేసినదని అనుకోవచ్చు.

గార్నెట్: దానిమ్మ గింజ రంగు. దీన్ని కెంపు అని చెప్పి అమ్మేవారు ఉంటారు. గార్నెట్ ఎరుపులో కాస్త నలుపో, గోధుమో కలిసి ఉంటుంది. తెలంగాణలో కొత్తగూడెం వైపున గరీబ్‌పేట దగ్గర గార్నెట్లు దొరుకుతాయి. భీమిలి సముద్రపు ఇసుకలో కూడా గార్నెట్ రేణువులు ఉన్నాయి. గోమేధికం కూడా గార్నెట్ కుటుంబంలోదే. తేనె రంగులో ఉంటుంది. లోపలికి చూస్తే పంచదార పాకం కదిలినట్టు కనిపిస్తుంది.

పులికన్ను: దీన్ని టైగర్ ఐ అంటారు. గోధుమ, బంగారు రంగు చారలు. అటూ ఇటూ తిప్పితే మెరుపు గీత కదులుతుంది.

చంద్రకాంతం: పాల మీద వెన్నెల పడినట్టు లోపల తెల్లని, నీలి వెలుగు తేలుతుంది. ఇది కొంచెం మెత్తని రాయి. జాగ్రత్తగా వాడాలి.

ఏ రాయి ఎంత గట్టిది?

1812లో మోస్ అనే జర్మనీ శాస్త్రవేత్త రాళ్ళ గట్టిదనానికి ఒక వరస తయారు చేశాడు. 1 నుంచి 10 దాకా అంకెలు. పెద్ద అంకె రాయి చిన్న అంకె రాయి మీద గీత పెడుతుంది.

మన గోరు సుమారు 2న్నర. ముత్యం, పగడం 3, 4 దగ్గర. గాజు 5న్నర. చంద్రకాంతం 6. స్ఫటికం 7. గార్నెట్ కూడా 7 దగ్గరే. కెంపు, నీలం 9. వజ్రం 10.

ఈ అంకెలతో మనకేం పని? పని ఉంది. ఇంట్లోని దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి. ఇసుక అంటే 7. కాబట్టి 7 కన్నా తక్కువ అంకె ఉన్న రాయిని దుమ్ము గుడ్డతో గట్టిగా రుద్దితే గీతలు పడతాయి. కొన్నాళ్ళకు మెరుపు పోతుంది. గాజు రాళ్ళ ఉంగరం త్వరగా మసకబారేది ఇందుకే. నగను ముందు నీటితో కడగండి. తర్వాత మెత్తని గుడ్డతో అద్దండి.

ముత్యం, పగడం అయితే నిమ్మరసం, చింతపండు తగలనివ్వకండి. పులుపు వాటిని తినేస్తుంది. కవరింగ్ నగల్లో రాళ్ళను జిగురుతో అంటిస్తారు. వాటిని నీళ్ళలో నానబెట్టవద్దు.

గాజు రాయి, ఫ్యాక్టరీ రాయి

బందరు దగ్గరి చిలకలపూడి నగల పేరు తెలియని వారు లేరు. లోపల రాగి, ఇత్తడిలాంటి లోహం. పైన బంగారు పూత. వాటిలో పొదిగే రాళ్ళు ఎక్కువగా గాజువి, ఫ్యాక్టరీలో చేసినవి. ఇందులో మోసం ఏమీ లేదు. కవరింగ్ అని చెప్పే అమ్ముతారు, కవరింగ్ ధరే తీసుకుంటారు. ఆ పని మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి.

మోసం ఎక్కడ మొదలవుతుంది? గాజు రాయిని చూపించి జాతి రాయి అన్నప్పుడు. ఉన్న పేరు చెప్పి అమ్మితే వ్యాపారం. పేరు మార్చి అమ్మితే మోసం.

అమెరికన్ డైమండ్ అనే మాట వింటుంటాం. అది వజ్రం కాదు. ఫ్యాక్టరీలో తయారైన తెల్ల రాయి. సీజెడ్ అని కూడా అంటారు. అదే సైజు వజ్రం కన్నా అది చాలా బరువు ఉంటుంది.

కెంపును కూడా ఫ్యాక్టరీలో చేస్తారు. 1902లో వెర్నెయిల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ పద్ధతిని లోకానికి చెప్పాడు. పొడిని మంటలో కరిగించి కెంపు తయారు చేశాడు. గట్టిదనం, బరువు, రంగు, అన్నీ గని కెంపులాగే ఉంటాయి. కానీ ధర ఎంతో తక్కువ. మామూలు కంటితో దీన్ని పట్టుకోలేం. ల్యాబులో పరీక్ష చేయాల్సిందే.

ఇంట్లో చూసుకోదగ్గ గుర్తులు

ఒకటి: చల్లదనం. రాయిని నీడలో కాసేపు ఉంచండి. తర్వాత చెంపకు ఆనించండి. రాయి చల్లగా తగులుతుంది. ఆ చల్లదనం కాసేపు నిలుస్తుంది. ప్లాస్టిక్ అయితే చల్లగా ఉండదు, తేలిగ్గా కూడా ఉంటుంది.

రెండు: బుడగలు. భూతద్దంతో వెలుగుకు ఎదురుగా చూడండి. గుండ్రని గాలి బుడగలు కనిపిస్తే అది చాలావరకు గాజే.

మూడు: రంగు. మాలలోని పూసలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే రంగులో, ఒక్క మరక లేకుండా ఉన్నాయా? ధర కూడా చవకా? అయితే అనుమానించాలి.

నాలుగు: పగుళ్ళు. పగుళ్ళలో, పూస రంధ్రం చుట్టూ రంగు ముదురుగా పేరుకుంటే అది రంగు వేసిన రాయి కావచ్చు.

ఇవి గుర్తులు మాత్రమే. ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పవద్దు. స్ఫటికానికీ మంచి గాజుకూ తేడా అనుభవం ఉన్నవారు కూడా ఒక్కోసారి పోల్చుకోలేరు.

చేయకూడని పరీక్షలు కూడా ఉన్నాయి. రాయిని గీకి చూడవద్దు. సుత్తితో కొట్టవద్దు. కాల్చిన సూది పెట్టవద్దు. మంచి రాయి కూడా పాడవుతుంది. వజ్రం అన్నిటికన్నా గట్టిది. అయినా గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు.

ఎక్కువ డబ్బు పెట్టి కొనేటట్లయితే ల్యాబు సర్టిఫికెట్ అడగండి. రాళ్ళను పరీక్షించే ల్యాబులు పెద్ద నగరాల్లో ఉంటాయి. రాయి లోపల వెలుగు ఎంత వంగుతుందో కొలిచి, రాయికి ఏ హానీ లేకుండా అది ఏమిటో చెబుతారు.

క్యారెట్‌కు రెండు అర్థాలు

బంగారం దగ్గర క్యారెట్ అంటే స్వచ్ఛత. 24 క్యారెట్లు అంటే మేలిమి. 22 క్యారెట్లు అంటే 24 వంతుల్లో 22 వంతులు బంగారం.

రాయి దగ్గర క్యారెట్ అంటే బరువు. 5 క్యారెట్లు ఒక గ్రాము. పూర్వం గురివింద గింజతో తూచేవారు. ఆ లెక్కనే రత్తి అంటారు. ఒక రత్తి సుమారు 120 మిల్లీగ్రాములు. కొట్టు ఆయన రత్తి అంటే గ్రాముల్లో ఎంతో అడగండి. ఒకే కొలతలో రాయించుకోండి.

రాళ్ళ నగలో అసలు లెక్క

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. ఒక ఉదాహరణ చూద్దాం.

రాళ్ళ దుద్దుల బరువు 10 గ్రాములు. అందులో రాళ్ళు 2 గ్రాములు. బంగారం 8 గ్రాములు. లెక్క తేలిగ్గా ఉండటానికి గ్రాము బంగారం 10,000 రూపాయలు అనుకుందాం. బంగారానికి కట్టాల్సింది 80,000. మొత్తం బరువుకు ధర కడితే లక్ష రూపాయలు అవుతుంది. అంటే 2 గ్రాముల గాజుకు బంగారం ధర కట్టినట్టు. 20,000 రూపాయలు నష్టం!

ఈ నష్టం కొన్న రోజు కనిపించదు. తాకట్టు పెట్టిన రోజు కనిపిస్తుంది. బ్యాంకు వాళ్ళు రాళ్ళ బరువు తీసేసి, బంగారానికే అప్పు ఇస్తారు. నగ మార్చినా అంతే. "రాళ్ళ తరుగు పోతుందమ్మా" అంటారు.

అందుకే కొనేటప్పుడే మూడు మాటలు అడగండి. మొత్తం బరువు ఎంత? రాళ్ళ బరువు ఎంత? బంగారం బరువు ఎంత? మూడూ బిల్లులో విడివిడిగా రాయించండి. రాయి పేరు కూడా రాయించండి. "ఎర్ర రాయి" అని రాస్తే చాలదు. కెంపా, గార్నెట్టా, ఫ్యాక్టరీ రాయా, గాజా? అది రాయాలి.

నగ మీద హాల్‌మార్కు చూడండి. బీఐఎస్ గుర్తు, స్వచ్ఛత అంకె, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల నంబరు ఉండాలి. 22 క్యారెట్లకు 916 అని ఉంటుంది. అయితే హాల్‌మార్కు బంగారానికే హామీ. అందులోని రాయికి హామీ కాదు.

మోసపోతే ఊరుకోవద్దు. వినియోగదారుల కోసం 1986లో చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కొన్న వస్తువు 5 లక్షల రూపాయల లోపుదైతే ఫీజు లేదు. ముందు సలహా కావాలంటే 1915 నంబరుకు ఫోన్ చేయండి. ఏం చేసినా చేతిలో బిల్లు ఉండాలి.

ఉంగరం, జబ్బు

గ్రహానికి ఒక రాయి పెట్టుకోవాలని కొందరి నమ్మకం. ఎవరి నమ్మకం వారిది. ఇష్టమైతే పెట్టుకోవచ్చు. కానీ "ఈ రాయి పెట్టుకుంటే షుగరు తగ్గుతుంది, పిల్లలు పుడతారు, మందులు మానేయండి" అని ఎవరైనా అంటే ఆగి ఆలోచించండి. రాయి జబ్బును తగ్గించదు. ఆ ఉంగరం కోసం వడ్డీకి అప్పు తెస్తే ఇంకో బాధ తోడవుతుంది. ముందు డాక్టరు, తర్వాతే ఉంగరం.

గుర్తుంచుకోండి

రంగు చూసి రాయి పేరు చెప్పలేం.
ఉపరత్నం నకిలీ కాదు. పేరు మార్చి అమ్మడమే మోసం.
రాయిని గీకి, కాల్చి పరీక్ష చేయవద్దు.
రాళ్ళ బరువు, బంగారం బరువు బిల్లులో వేరుగా ఉండాలి.
సంతకం పెట్టే ముందు, డబ్బు ఇచ్చే ముందు బిల్లు చదవండి. చదువు వచ్చింది ఇందుకే కదా!

చెప్పండి చూద్దాం

1. నవరత్నాల్లో రాళ్ళు కానివి ఏవి?
2. స్ఫటికానికీ గాజుకూ తేడా ఏమిటి?
3. రాయి దగ్గర క్యారెట్ అంటే ఏమిటి? బంగారం దగ్గర క్యారెట్ అంటే ఏమిటి?
4. ఒక హారం 24 గ్రాములు ఉంది. రాళ్ళు 5 గ్రాములు. బంగారం ఎంత?
5. మీ ఇంట్లో ఉన్న రాళ్ళ నగ బిల్లు తీసి చదవండి. రాళ్ళ బరువు వేరుగా రాశారా?